ఒకే కొలత రంధ్రం, వేర్వేరు ధార: అంచు ఆకారానికి అంత ప్రభావం ఉంటుందా?

పెరటితోట: మా మేడ మీద ఒకే ఎత్తున రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు ఉన్నాయి. రెండింటికీ అడుగున అంగుళం రంధ్రమే. ఒకదాని పల్చని గోడకు రంధ్రం మాత్రమే ఉండగా, రెండోదాని రంధ్రానికి బయటివైపు మూడంగుళాల పైపు ముక్క బిగించి ఉంది. నీటిమట్టం సమానంగా ఉన్నా, పైపు ముక్క ఉన్న డ్రమ్ము కిందే బకెట్టు ముందు నిండుతోంది. పైపు రాపిడికి ధార తగ్గాలి కదా?

జలగణితం: తగ్గదండీ, మీరు చూసినది సరైనదే. పదునైన అంచు దగ్గరకు నలువైపుల నుంచీ వచ్చే నీరు ఒక్కసారిగా మలుపు తిరగలేదు కనుక, రంధ్రం దాటాక ధార సన్నబడి, వైశాల్యంలో సుమారు 62 నుంచి 64 శాతానికి కుదించుకుపోతుంది. గాజు తొట్టెలో రంగునీళ్ళు పోసి పక్కనుంచి చూస్తే ఆ నడుము స్పష్టంగా కనిపిస్తుంది. నీటిమట్టం ఎత్తును బట్టి ధార వేగాన్ని చెప్పే టొరిచెల్లి సూత్రం ప్రకారం రావలసిన నీటిలో పల్చని గోడ రంధ్రం గుండా 0.61 వంతే వస్తుంది. వ్యాసానికి రెండు మూడు రెట్ల పొడవున్న గొట్టం తగిలిస్తే, ఆ నడుము చుట్టూ పీడనం పడిపోయి నీటిని అదనంగా లాగుతుంది, అప్పుడది 0.8 దాటుతుంది. అంచును గంట మూతిలా గుండ్రంగా నునుపు చేస్తే 0.97 వరకూ వస్తుంది.

పాతతూము: గొట్టం లోపలివైపుకు పొడుచుకువస్తే ఫలితం తిరగబడుతుందని కూడా చెప్పాలి. ధార గోడలను తాకకుండా బయటపడితే 0.5 దగ్గరే ఆగుతుంది. అయినా ఇళ్ళ ట్యాంకులకు గొట్టాన్ని కొంచెం లోపలికి పెట్టించేవారు లేకపోలేదు; అడుగున పేరుకున్న మడ్డి నీటితో రాకూడదనే వారి ఉద్దేశం. నా దృష్టిలో తాగునీటికి ఆ నష్టం భరించదగినదే.

రాతిబాట: ఈ లోగుట్టు రోమన్లకు అనుభవంలో తెలుసు. క్రీ.శ. 97లో రోమ్ నీటి సరఫరా బాధ్యతలు చేపట్టిన ఫ్రాంటినస్, నీటి వాటాను కొలిచే కంచు గొట్టం తరువాత 50 అడుగుల వరకు దాని వ్యాసానికి మించిన పైపు వేయరాదన్న నిబంధనను ప్రస్తావించాడు. ఆ గొట్టం తరువాతి పైపును వెడల్పు చేస్తే మూతి కొలత మారకుండానే నీరు ఎక్కువ వస్తుందన్నమాట.

నూనెడబ్బా: నిండు డబ్బాకు ఒక్క రంధ్రం పెడితే నూనె ఆగి ఆగి గుడగుడమంటూ పడటం వేరే సంగతి, లోపలికి గాలి పోవడానికి దారి లేకపోవడమే అక్కడ కారణం. ఎదురుగా మరో చిన్న రంధ్రం పెడితే సరిపోతుంది.

జలగణితం: పెరటితోట గారూ, ఆ పైపును ఇంకా పొడిగిస్తే లాభం పెరుగుతుందని అనుకోకండి. అడ్డంగా పొడిగించేకొద్దీ మీరన్న రాపిడి పైచేయి సాధిస్తుంది.