మంజీరా నీళ్లొచ్చే ఇంట్లో ఆర్‌వో అవసరమా?

మియాపూర్ నివాసి:
మా అపార్ట్‌మెంటుకు రోజు విడిచి రోజు మంజీరా నల్లా నీళ్లు వస్తాయి. అవి చాలనప్పుడు బోరు నీళ్లను కూడా అదే సంపులోకి వదులుతారు. ఇంట్లో ఉన్న పాత క్యాండిల్ ఫిల్టరును తీసేసి ఆర్‌వో పెట్టించాలని మా వాళ్లు పట్టుబడుతున్నారు. మొన్న ఫిల్టర్లు అమ్మే ఒకాయన వచ్చి, మా నీళ్లు ఒక గ్లాసులోనూ తాను తెచ్చిన ఆర్‌వో నీళ్లు మరో గ్లాసులోనూ పోసి, కడ్డీలున్న పరికరాన్ని రెండింట్లోనూ ముంచి కరెంటు పెట్టాడు. చూస్తుండగానే మా నీళ్లు తుప్పు రంగుకు తిరిగి తెట్టు కట్టాయి, ఆయనవి తేటగానే ఉండిపోయాయి. అది చూసిన దగ్గర్నుంచి మా అమ్మ నల్లా నీళ్లు ముట్టడం లేదు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు మాత్రం 280 చూపించింది. కొనమంటారా, వద్దంటారా?

రసాయనశాస్త్రం మాష్టారు:
వద్దనే నా అభిప్రాయం. ముందుగా ఆ గ్లాసుల సంగతి తేల్చుకోవాలి. ఆ పరికరంలో ఇనుప కడ్డీ ఉంటుంది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారి, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది కాబట్టి అమ్మగారు చూసిన మురికి కడ్డీలోంచి వచ్చిందే. ఆర్‌వో నీళ్లలో లవణాలు బాగా తక్కువ గనుక కరెంటు సరిగా పారదు, రంగూ మారదు. ఆయన మళ్లీ వస్తే ఆయన గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి కరెంటు పెట్టమనండి, ఆ నీళ్లూ అదే రంగుకు తిరుగుతాయి.

ఇక 280 విషయం. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు టీడీఎస్ ఆమోదయోగ్యమే, వేరే ఆధారం లేని చోట 2000 వరకు అనుమతిస్తారు. 500 లోపు ఉన్న చోట ఆర్‌వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. ఇళ్లలో వాడే చాలా యంత్రాలు ఒక లీటరు మంచినీళ్లిచ్చి సుమారు మూడు లీటర్లు పారబోస్తాయి, మే నెలలో ట్యాంకరు కొనుక్కునే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. క్రిముల గురించే భయమైతే నీళ్లు మరిగించుకున్నా, యూవీ ఫిల్టరు పెట్టుకున్నా సరిపోతుంది.

దేవరకొండ వాసి:
మాష్టారు గారితో గ్లాసుల వరకే ఏకీభవిస్తాను. మీటరు నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతుందో కొలిచి, దాన్నిబట్టి మొత్తం లవణాలను అంచనా కట్టి చెబుతుంది తప్ప అవి ఏ లవణాలో చెప్పదు. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, తప్పనిసరైతే ఒకటిన్నర. అది మూడుకు చేరినా మీటరు మీద పెరిగేది కొద్దిపాటే, 500 లోపున్న నీళ్లలో కూడా అది ఉండవచ్చు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు సరికదా, ఆవిరైన నీటి మేరకు చిక్కబడుతుంది. యూవీ దాన్ని తాకనే తాకదు. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు ఎందుకొచ్చిందో, అక్కడ ఫ్లోరైడ్ వల్ల వంగిపోయిన నడుములను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మిషన్ భగీరథ పథకం నీళ్లు వచ్చాక పరిస్థితి మారిందన్నది నిజమే. అయితే మియాపూర్ గారి సంపులో బోరు నీళ్లు కూడా కలుస్తున్నాయి, మాష్టారు గారు ఆ ముక్కను వదిలేశారు.

రసాయనశాస్త్రం మాష్టారు:
నిజమే, బోరును లెక్కలోకి తీసుకోవాలి. నగరపు బోర్లలో ఫ్లోరైడ్ కన్నా నైట్రేటు గురించే నాకు ఎక్కువ అనుమానం, ఎందుకంటే డ్రైనేజీ ఇంకే చోట అది పెరుగుతుంది. దాని పరిమితి 45 మిల్లీగ్రాములు, దానికి సడలింపు లేదు, మరిగించినా పోదు. అయితే దీన్నిబట్టి పరీక్ష చేయించాలని తేలుతుంది గానీ వెంటనే యంత్రం కొనాలని తేలదు. బోరు వాటా ఎక్కువగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో వంటింటి కుళాయి నుంచి నీళ్లు పట్టి, నీటి పరీక్షల ప్రయోగశాలలో ఫ్లోరైడ్, నైట్రేటు, కాఠిన్యం, బ్యాక్టీరియా చూపించండి. నల్లా వచ్చిన రోజున నమూనా పడితే ఫలితం నల్లాదే అవుతుంది.

ఫిల్టర్ సర్వీసు:
నేను ఆర్‌వోలు బిగించేవాణ్ణి, అయినా మాష్టారి మాటే సరైనదంటాను: రిపోర్టు వచ్చాకే కొనండి. అందులో ఫ్లోరైడో నైట్రేటో ఎక్కువని తేలి ఆర్‌వో తీసుకుంటే, లోపలుండే టీడీఎస్ వాల్వు జోలికి వెళ్లవద్దు. నీళ్లు చప్పగా ఉన్నాయని చాలామంది దాన్ని తెరిపిస్తారు. అది మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) దాటని నీళ్లను కొంత తెచ్చి మంచినీళ్లలో కలుపుతుంది, ఏది తీసేయడానికి యంత్రం కొన్నారో అది కొంత తిరిగి గ్లాసులోకి వస్తుంది. పారే నీళ్లు తగ్గించాలని వేస్టు పైపు మీది రెస్ట్రిక్టరును మార్పించేవాళ్లూ ఉన్నారు. బోరు నీళ్లకు అలా చేస్తే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుని త్వరగా పాడవుతుంది. ఆర్‌వో వద్దనుకున్నా క్యాండిల్ ఫిల్టరు ఒక్కటే చాలదు, దానికి తోడు యూవీ ఉండాలి.

మియాపూర్ నివాసి:
పరీక్షకే ఇస్తాను. ఒకవేళ ఆర్‌వో పెట్టించాల్సివస్తే, పారే నీళ్లను కుండీల్లో మొక్కలకు పోయవచ్చా?

ఫిల్టర్ సర్వీసు:
లోపలికి వెళ్లే నీళ్లను బట్టి ఉంటుంది. నాలుగింట ఒక వంతే మంచినీళ్లుగా వస్తే, 280 నీళ్ల వేస్టు సుమారు 370 దగ్గర ఉంటుంది, మొక్కలకు పోయవచ్చు. 1200 ఉన్న బోరు నీళ్లయితే అది 1600 దాకా వెళ్లి కుండీల్లో ఉప్పు పేరుకుంటుంది. దాన్ని బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికీ, బాత్రూములోకీ వాడుకోండి.