అద్దె ఇల్లు, మేకు కొట్టకూడదు, 8,000 రూపాయలు: హాలును మన ఇల్లులా తీర్చుకోవడం ఎలా?

ప్రశ్న: నిజాంపేట అద్దెదారు

నమస్కారం. మేము ఇటీవలే హైదరాబాద్ నిజాంపేటలో రెండు పడకగదుల ఫ్లాటులోకి అద్దెకు వచ్చాము. గోడలన్నీ తెలుపు, నేలంతా మెరిసే విట్రిఫైడ్ టైల్స్, హాల్లో ఒక ట్యూబులైటు, పడమటి వైపు పెద్ద కిటికీ. సామాను సర్దుకోవడం పూర్తయినా, సాయంత్రం హాల్లో కూర్చుంటే ఏదో ఆఫీసులో మన పేరు పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టుగా ఉంటోంది. యజమాని గారు మంచివారే గాని, గోడలకు మేకులు కొట్టరాదని, రంగులు మార్చరాదని ఒప్పందం రాసుకున్న రోజే స్పష్టంగా చెప్పారు.

హాలు కోసం మేము పక్కన పెట్టుకున్నది 8,000 రూపాయలు. ప్లాస్టిక్ తీగలు, గోడ స్టిక్కర్లు, ఇంగ్లీషు సూక్తుల ఫ్రేములు ఎవరింట్లో చూసినా ఒకేలా కనిపిస్తున్నాయి కనుక వాటి జోలికి పోదలచుకోలేదు. మా అత్తగారు ఇచ్చిన పాత నేత చీరలు కొన్ని, ఒక ఇత్తడి బిందె, ఒక చిన్న గంగాళం అటక మీద ఉన్నాయి. వాటిని ఎలా వాడుకోవచ్చో తెలియడం లేదు. ఇంట్లో ఐదేళ్ల బాబు ఉన్నాడు. రెండు మూడేళ్లలో మళ్లీ ఇల్లు మారవలసి రావచ్చు కాబట్టి, కొన్నది ఏదైనా మా వెంట రాగలిగేదై ఉండాలి. దయచేసి మీ అనుభవంతో సలహా ఇవ్వగలరు.

జవాబు 1: హన్మకొండ వాసి

నమస్కారమండి. మీరు ముందుగా గోడల గురించి ఆలోచిస్తున్నారు గాని, మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే లోపం గోడల్లో కంటే వెలుతురులో, నేలలో ఉందని నాకు అనిపిస్తోంది. తెల్లటి గోడ, తెల్లటి ట్యూబులైటు, మెరిసే టైల్స్ ఈ మూడూ కలిసినప్పుడు ఎంత ఖరీదైన వస్తువు పెట్టినా అది వెలవెలబోతుంది. మన ఇళ్లలో సాధారణంగా వాడే తెల్లటి ట్యూబులైటు పెట్టె మీద 6500 కెల్విన్ (కాంతి రంగును తెలిపే కొలత) అని ఉంటుంది. అదే 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య ఉన్న బల్బు తీసుకుంటే దీపపు వెలుగుకు దగ్గరగా ఉండే పసుపు కాంతి వస్తుంది. ట్యూబులైటును పిల్లవాడి చదువుకు, ఇల్లు ఊడ్చుకోవడానికి అలాగే ఉంచి, సోఫా పక్కన ఒక మూల నిలబెట్టే దీపంలోనో బల్ల దీపంలోనో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టి, సాయంత్రాలు అది మాత్రమే వెలిగించి చూడండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతగా కనిపించే మార్పు మరొకటి లేదని నా అభిప్రాయం.

దీపానికి గొడుగు కావాలనుకుంటే తోలుబొమ్మల కళాకారులు చేసినది చూడండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేక తోలును పలుచగా, వెలుతురు చొరబడేలా తయారుచేసి, సన్నని రంధ్రాలు కొట్టి, రంగులు వేసి దీపపు గొడుగులు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. దీపం వెలిగించగానే ఆ రంధ్రాల వెలుగు చుక్కలు చుక్కలుగా గోడ మీద పడుతుంది కనుక మీ తెల్ల గోడే ఇక్కడ మీకు కలిసివస్తుంది. లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి. పాత రకం వేడి బల్బు పెడితే తోలు ముడుచుకుపోతుంది.

ఇక నేల. మా ఊరివని చెప్పడం లేదు గాని, వరంగల్ కొత్తవాడ జంపఖానాల వంటి గట్టి నూలు తివాచీ ఆ టైల్స్ మెరుపును అణచడానికి చాలా బాగా పనికివస్తుంది. వీటికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మందపాటి బొచ్చు తివాచీలు మన దుమ్ముకు, మన వేసవికి తగవు. జంపఖానాను దులిపి, మడిచి, ఇల్లు మారే రోజున సంచిలో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. టైల్ మీద జారకుండా కింద రబ్బరు వల వేయడం మరచిపోకండి, బాబు పరుగెత్తే వయసులో ఉన్నాడు.

జవాబు 2: కుట్టుమిషన్ గృహిణి, గుంటూరు

అమ్మా, చీరల విషయం నేను చెప్తాను. జరీ ఉన్న పట్టుచీరలను కిటికీకి కట్టవద్దు. పడమటి ఎండకు పట్టు చివికిపోతుంది, జరీ నల్లబడుతుంది. మంగళగిరి, నారాయణపేట, వెంకటగిరి వంటి నూలు చీరలు ఉంటే వాటిని నిశ్చింతగా తెరలుగా మార్చుకోవచ్చు. అలాగని అత్తగారికి చెప్పకుండా కత్తెర పెట్టకండి. కొన్ని చీరలు ఇచ్చినవారి మనసులో ఇంకా చీరలుగానే ఉంటాయి.

లెక్క ఇలా ఉంటుంది. రవిక గుడ్డ పోగా చీర పొడవు సుమారు 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు. వెడల్పు 45 అంగుళాలకు అటూ ఇటూ. నేల వరకు దిగే 7 అడుగుల తెరకు పైన మడత, కింద అంచు కలిపి 7.5 అడుగుల ముక్క కావాలి. రెండు ముక్కలకు 15 అడుగులు పోతే 3 అడుగులు మిగులుతుంది. ఆ మిగిలినదానిలో 16 అంగుళాల దిండు గలీబులు రెండు వస్తాయి: ఒక్కొక్కదానికి ముందువైపు 17 అంగుళాల చదరం ఒకటి, వెనుక ఒకదానిపై ఒకటి వచ్చే రెండు ముక్కలు 17కి 12 అంగుళాల చొప్పున కత్తిరించుకుంటే జిప్పు, గుండీలు అవసరం లేకుండానే దిండు లోపలికి పోతుంది. పమిట చెంగును మాత్రం తెరలో కలపవద్దు, దానిని దిండ్ల ముందువైపుకు దాచుకోండి. చీర అందమంతా అక్కడే ఉంటుంది.

తెర కుచ్చులు పడాలంటే గుడ్డ వెడల్పు కిటికీ వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. రెండు ముక్కలు కలిపి 90 అంగుళాలు వస్తాయి కనుక 5 అడుగుల కిటికీ వరకు ఒక చీర సరిపోతుంది. పాత చీర పోగు బలహీనంగా ఉంటుంది. వెనుక తెల్లటి పాత దుప్పటిని అస్తరుగా వేసి కుట్టిస్తే ఎండ వేడీ తగ్గుతుంది, చీర రంగూ కొన్నేళ్లు నిలుస్తుంది. చీర అంచును నిలువుగా బయటి వైపు వచ్చేలా ఉంచితే కిటికీకి గీత గీసినట్టు ఉండి, వేరే అలంకారం అక్కరలేదు. కర్టెన్ రాడ్ లేకపోతే గోడకు తొలిచే పని లేని స్ప్రింగు రాడ్లు దొరుకుతాయి. అవి కిటికీ గూటిలో రెండు పక్కల గోడల మధ్య బిగుసుకుని నిలబడతాయి. అయితే గూడు లోతుగా ఉండాలి, బరువైన తెర వేయకూడదు. గూటిలో కట్టే తెర కిటికీ ఎత్తుకే తెగుతుంది కనుక గుడ్డ ఇంకా మిగులుతుంది.

జవాబు 3: హస్తకళల అభిమాని, విజయవాడ

పై ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తున్నాను. వారు చెప్పినవన్నీ చేసిన తరువాత కూడా మీ దగ్గర కొంత డబ్బు మిగులుతుంది. దానితో చిన్నవి పది కొనకుండా, చేతితో చేసినది ఒకటో రెండో కొనండి. శిల్పారామం మీకు దగ్గరే, గోల్కొండ, లేపాక్షి ఎంపోరియంలు కూడా ఉన్నాయి.

కొనే ముందు ఏది ఏమిటో తెలుసుకోవడం మంచిది. మార్కెట్లో కలంకారీ పేరుతో మీటర్ల లెక్కన దొరికే గుడ్డలో చాలా భాగం స్క్రీన్ ప్రింటు. మచిలీపట్నం పక్కన ఉన్న పెడనలో చెక్క అచ్చులతో వేసేది ఒక రకం, శ్రీకాళహస్తిలో వెదురు కలంతో గీసేది మరొక రకం. గుడ్డను కరక్కాయ కషాయంలో నానబెట్టడం, పటికతో రంగు పట్టించడం రెండింటిలోనూ ఉంది. అచ్చుల పనిలో ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలయ్యే చోట గీత వెంట్రుకవాసి తప్పుతుంది, రంగు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉంటుంది. ప్రతి పువ్వూ అచ్చంగా ఒకేలా ఉంటే అనుమానించవలసిందే. స్క్రీన్ ప్రింటు కొనకూడదని కాదు, దిండు గలీబులకు అది చాలు. దానికి చేతిపని ధర ఇవ్వనక్కరలేదు. అసలైనదాన్ని మీ పడమటి కిటికీకి ఎదురుగా పెట్టకండి, చెట్ల నుంచి తీసిన రంగులు ఎండకు వెలుస్తాయి.

బాబు ఉన్నాడన్నారు కనుక ఏటికొప్పాక బొమ్మలు చూడండి. అంకుడు కర్రను తరిణి (లేత్ యంత్రం) మీద తిప్పుతూ, లక్కలో కలిపిన రంగును ఆ ఒరిపిడి వేడితోనే పట్టిస్తారు; గుండ్రంగా, నునుపుగా ఉంటాయి, పిల్లలు ఆడుకున్నా చూడముచ్చటగానే ఉంటాయి. వీటికి ఒక శత్రువు ఉంది: శానిటైజరు. లక్క స్పిరిటులో కరిగిపోతుంది కనుక శుభ్రం చేద్దామని శానిటైజరు గుడ్డతో తుడిస్తే మెరుపు ఊడి గుడ్డకు అంటుకుంటుంది. పొడి గుడ్డ చాలు. కొండపల్లి బొమ్మల సంగతి వేరు. అవి మెత్తని పొణికి కర్రతో ముక్కలుగా చేసి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అతికినవి. వాటికి తడి పనికిరాదు, బాబు చేతికి అందని ఎత్తులో ఉండాలి. దశావతారాల సెట్టు మొత్తం ఒకేసారి కొననక్కరలేదు. ఒక ఎడ్లబండో, ఒక అంబారీ ఏనుగో షోకేసులో ఒంటరిగా పెట్టి, చుట్టూ ఖాళీ వదిలితే చూపు నేరుగా దాని మీదికే పోతుంది. మన షోకేసుల్లో చోటుకు కరువు లేదు గాని, స్టీలు కప్పులు, పెళ్లిళ్లలో వచ్చిన కానుకలు కలిసి ఆ బొమ్మను కనపడనీయవు.

నిజాంపేట అద్దెదారు

అందరికీ కృతజ్ఞతలు. అత్తగారికి ఫోను చేసి అడిగాను. రెండు నారాయణపేట చీరలు కత్తిరించుకోమన్నారు, మూడోదాన్ని ముట్టుకోవద్దన్నారు. దీపం, జంపఖానా కొనాలని నిర్ణయించుకున్నాము. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. గోడకు అంటించే హుక్కులు వాడితే రంగు ఊడుతుందా? బాబు గీసిన బొమ్మలు, మా అమ్మానాన్నల పాత ఫోటోలు పెట్టుకోవాలని ఉంది. ఇత్తడి బిందెలో మొక్క పెట్టవచ్చా?

జవాబు 4: ఇళ్ల ఇంటీరియర్ పనులు చేసేవాడిని, మియాపూర్

హుక్కుల గురించి నా మాట వినండి, అద్దె ఇళ్లలో గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. తడి గుడ్డతో గోడ మీద కనపడని మూల గట్టిగా రుద్దండి. గుడ్డకు తెల్లగా అంటితే అది సున్నమో డిస్టెంపరో అయివుంటుంది. దాని మీద అంటించే హుక్కు నిలవదు, నిలిచినా తీసేటప్పుడు పొరతో సహా ఊడుతుంది. గుడ్డకు ఏమీ అంటకపోతే ఎమల్షన్ అనుకోవచ్చు, కాని కొత్త ఫ్లాట్లలో పుట్టీ సరిగా పట్టకపోతే ఎమల్షన్ కూడా పెచ్చులుగా లేస్తుంది. ఈ హుక్కులను నమ్మకంగా వాడదగిన చోట్లు మూడు: టైల్స్, అద్దం, లామినేట్ చేసిన చెక్క తలుపులు.

అసలు గోడను ముట్టుకోకుండానే చాలా చేయవచ్చు. పాత అద్దెదారులు వదిలిన మేకులు ఎక్కడ ఉన్నాయో ముందు చూడండి, ప్రతి హాల్లోనూ గడియారానికో క్యాలెండరుకో కొట్టినవి ఒకటి రెండు ఉంటాయి. అమ్మానాన్నల ఫోటోను చిన్న సైజులో నాలుగు ప్రతులు తీయించే బదులు, ఒకే ఫోటోను స్కాన్ చేయించి, 12కి 18 అంగుళాల సైజులో ముద్రించి, సన్నని టేకు ఫ్రేము కట్టించండి. దాన్ని వేలాడదీయకుండా టీవీ బల్ల మీదో, పొట్టి బీరువా మీదో గోడకు ఆనించి నిలబెట్టండి. జారకుండా ఫ్రేము కింద రబ్బరు బిళ్లలు పెట్టాలి. దేవుడి పటాలు కట్టే దుకాణాల్లో ఈ పని చేయించుకుంటే, మాల్‌లో అమ్మే ఫ్రేముకు అయ్యే ఖర్చుకంటే తక్కువలోనే అవుతుంది, గాజు కూడా గట్టిది వేస్తారు.

బాబు బొమ్మలకు కర్టెన్ రాడ్ బ్రాకెట్ల మధ్య గాని, రెండు తలుపుల గొళ్లేల మధ్య గాని ఒక జనపనార తాడు కట్టి చెక్క క్లిప్పులతో తగిలించండి. వారానికొకసారి ఏ బొమ్మ ఉండాలో, ఏది దిగాలో వాడే నిర్ణయిస్తే, గోడ మీద క్రేయాన్లతో గీసే పని కొంత తగ్గుతుంది. పూర్తిగా తగ్గుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.

ఒక్క పెద్ద పటానికి మేకు తప్పనిసరి అయితే యజమాని గారిని అడగండి. ఖాళీ చేసేటప్పుడు రంధ్రం పుట్టీతో పూడ్చి, ఆ గోడకు రంగు వేయించి ఇస్తామని వాట్సాప్‌లో రాసి, వారి ఒప్పుకోలు కూడా అందులోనే తీసుకోండి. రాతలో అడిగితే చాలామంది కాదనరు.

జవాబు 2 రాసిన గృహిణి, గుంటూరు

బిందెకు నేను జవాబు చెప్తానమ్మా. మట్టిని నేరుగా ఇత్తడిలో పోయవద్దు. తడికి లోపల చిలుము పడుతుంది, నీరు పోయే దారి లేక మొక్క వేరు కుళ్లుతుంది. నర్సరీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కుండీనే లోపల ఇటుక ముక్క మీద నిలబెట్టి, నీరు పోసేటప్పుడు బయటికి తీసి పోసి, వార్చిన తరువాత తిరిగి పెట్టండి. బిందె మూతి ఇరుకు కనుక కుండీ దూరకపోవచ్చు, గంగాళం ఇందుకు అనువైనది. మనీ ప్లాంటు అందరూ చెప్తారు గాని దాని ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది. బాబుకు అందకుండా ఎత్తులో పెట్టండి. నేల మీద పెట్టాలనుకుంటే ఎరికా పామ్ తీసుకోండి, దానితో ఆ భయం లేదు.

బిందెను చింతపండు, ఉప్పుతో తోమి, బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, గుమ్మం లోపలి పక్కన ఉంచి, పండుగ రోజుల్లో నీరు నింపి బంతిపూలు తేలవేయండి. మిగతా రోజుల్లో అందులో గొడుగులు పెట్టుకోవచ్చు, మా ఇంట్లో అదే చేస్తున్నాము. మూడో చీర ఏదో గాని, దాన్ని కత్తిరించకుండానే దీవాన్ మీద మడతపెట్టి పరచవచ్చునేమో అత్తగారినే అడిగి చూడండి.