కరెంటు పోయి వస్తే టచ్ ప్యానెల్ తేదీ 1970కి పోతోంది

నమస్కారమండి. కోనసీమలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కంప్యూటర్ పనులూ నా నెత్తి మీదే. తొమ్మిదో తరగతి గదిలోని 75 అంగుళాల ఆండ్రాయిడ్ ప్యానెల్‌తో మూడు వారాలుగా తంటాలు పడుతున్నాను.

రాత్రి మెయిన్ ఆపి, పొద్దున్న 9 గంటలకు వేస్తే తేదీ 1970 జనవరి 1 అని చూపిస్తుంది. వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది, కానీ ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ తప్పని ఎర్ర గుర్తు వస్తుంది. తేదీ చేత్తో సరిచేస్తే సాయంత్రం దాకా బాగానే నడుస్తుంది. మధ్యలో పది నిమిషాలు కరెంటు పోయిందా, మళ్ళీ మొదటికే. ఈ వానల్లో తీగల మీద కొబ్బరి మట్ట పడని రోజు లేదు!

ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేశాను, ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాను. లాభం లేదు. విచిత్రం ఏమిటంటే నా ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే రెండు నిమిషాల్లో తేదీ దానంతటదే సరిపోతుంది. స్కూల్ రూటర్‌తో మాత్రం గంటయినా కదలదు. ఆ రూటర్ పాస్‌వర్డ్ జిల్లా వాళ్ళ దగ్గరే ఉంది. రెండుసార్లు కంప్లయింట్ పెడితే, ఎవరూ రాకుండానే 'పరిష్కారమైంది' అని మూసేశారు. ప్యానెల్ వెనక స్క్రూల మీద వారంటీ స్టిక్కర్ ఉంది కాబట్టి కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే లోపలి బటన్ బ్యాటరీ జోలికి పోలేదు.

మూడోసారి కంప్లయింట్‌లో ఒక్కటే స్పష్టంగా రాద్దామనుకుంటున్నాను: రూటర్లో ఎన్‌టీపీ (నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకునే పద్ధతి) వాడే పోర్ట్ 123 తెరవమని అడగాలా, ప్యానెల్ బ్యాటరీ మార్చమని అడగాలా?