ఉప్పుగాలి సాకుతో ఏసీ వారంటీ నిరాకరించారు: ఏం చేయవచ్చు?

సాగర్‌నగర్ వాసి:

సభ్యులందరికీ నమస్కారం. నిరుడు ఏప్రిల్ చివర్లో విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక పెద్ద దుకాణంలో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ కొన్నాను. మా ఫ్లాటు సాగర్‌నగర్‌లో సముద్రానికి ఎదురుగా ఉంది. బయటి యూనిట్‌ను బాల్కనీ గోడకు తూర్పు ముఖంగా బిగించారు. ఈ మార్చిలో ఉక్కపోత మొదలైన వెంటనే చల్లదనం తగ్గిపోయింది. ఫిర్యాదు చేస్తే సర్వీసు కేంద్రం నుంచి వచ్చిన మెకానిక్ చూసి, బయటి యూనిట్‌లో వేడిని వదిలే కండెన్సర్ కాయిల్‌కు చిలుము పట్టి గ్యాస్ కారిపోయిందని, ఉప్పుగాలి వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదని, కాయిల్ మార్చి గ్యాస్ నింపడానికి పద్నాలుగు వేల రూపాయలు అవుతుందని చెప్పి వెళ్లారు. ఏడాది వారంటీ ఇంకా ముగియలేదు.

కొనేటప్పుడు మా ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకున్న అమ్మకందారు, ఈ మోడల్ కాయిల్‌కు తుప్పును అడ్డుకునే నీలిరంగు పూత ఉన్న రెక్కలు ఉన్నాయి కాబట్టి తీరప్రాంతానికి ఇదే తగినదని చెప్పి మరీ అమ్మారు. ఇప్పుడు దుకాణం వారు తయారీ సంస్థను అడగమంటున్నారు, సంస్థ వారు వారంటీ కార్డులోని షరతు చూపిస్తున్నారు. దీని మీద పోరాడటం సబబేనా? పోరాడితే ఎవరి మీద, ఎక్కడ? ఇలాంటి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కంచరపాలెం మెకానిక్:

అయ్యా, ముందుగా ఒక్క పని చేయండి. గ్యాస్ సరిగ్గా ఎక్కడ నుంచి కారుతున్నదో రాతపూర్వకంగా రాయించుకోనిదే ఎవరినీ ఆ కాయిల్ విప్పనివ్వకండి. మీ వివాదమంతా ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

రాగి గొట్టం, దాని చుట్టూ అల్యూమినియం రెక్కలు ఉండే కాయిల్‌పై ఉప్పు తేమ చేరితే రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలవుతుంది. అందులో మొదట తినివేతకు గురయ్యేది అల్యూమినియమే. రెక్కలు తెల్లటి పొడిగా రాలిపోవడం రుషికొండ నుంచి లాసన్స్ బే కాలనీ వరకు బీచ్ వైపున్న ఇళ్లలో మాకు నిత్యం కనిపించే దృశ్యం. అయితే రెక్కలు రాలితే చల్లదనం తగ్గుతుందే తప్ప, అంతమాత్రాన గ్యాస్ కారిపోదు. గ్యాస్ కారాలంటే గొట్టానికి చిల్లు పడాలి, లేదా అతుకు దగ్గర లీకు ఉండాలి. మొదటి ఏడాదిలోనే గ్యాస్ మొత్తం పోయిన యూనిట్లలో నేను చూసినవాటిలో చాలా వరకు లీకు బ్రేజింగ్ అతుకుల (కరిగించిన లోహంతో గొట్టాలను కలిపిన చోట్ల) దగ్గరో, బిగింపు సమయంలో సరిగా కుదరని ఫ్లేర్ నట్టు (గొట్టాన్ని యూనిట్‌కు కలిపే మర) దగ్గరో ఉన్నది. మొదటిది తయారీ లోపం, రెండోది బిగించినవారి లోపం. రెండింటికీ సముద్రంతో సంబంధం లేదు.

నైట్రోజన్ పీడనం ఎక్కించి, అతుకులన్నిటికీ సబ్బు నురగ రాస్తే బుడగలు వచ్చిన చోటు మీ కంటికే కనిపిస్తుంది. ఆ పరీక్ష మీ ఎదుట చేయమని అడగండి, వీడియో తీయండి, మెకానిక్ చేసిన పని రాసే జాబ్ షీటులో లీకు ఉన్న స్థలం పేరు రాయించి సంతకం తీసుకోండి. ‘చిలుము’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే సంతకం చేయకండి. కాయిల్ మార్చినా పాతదాన్ని తీసుకెళ్లనివ్వవద్దు, అదే మీ సాక్ష్యం.

పెదవాల్తేరు:

అందరూ సంస్థనే తప్పుపడతారని తెలిసే రాస్తున్నాను. తినివేత గుణం ఉన్న వాతావరణంలో వాడితే వారంటీ వర్తించదన్న షరతు చాలా కంపెనీల కార్డుల్లో చిన్న అక్షరాలతోనైనా ఉంటుంది. తీరానికి ఎదురుగా, ఏ అడ్డూ లేకుండా యూనిట్‌ను బిగించుకుని, ఏడాదిపాటు దానిపై గుక్కెడు మంచినీళ్లయినా పోయకుండా వదిలేసి, తరువాత వారంటీ అడిగితే ఎవరు ఒప్పుకుంటారు? మా యూనిట్‌ను మేము మెయిన్ ఆపేసి నెలకోసారి మంచినీటితో, పీడనం లేకుండా కడుగుతాము. పైన తడక కట్టాము, గాలి బయటికి పోయే ముందు భాగాన్ని మాత్రం మూయలేదు. అది ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నది.

ఎంవీపీ విశ్రాంతుడు:

పెదవాల్తేరు గారి మాటలో నిజం లేకపోలేదు. కానీ కార్డులో షరతు ఉన్నంత మాత్రాన కథ ముగిసినట్టు కాదు. ఇక్కడ రెండు దారులున్నాయి, వాటిని కలిపేస్తే మీకే నష్టం.

ఆ షరతే అన్యాయమైనదని వాదించడం మొదటి దారి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందాల మీద ఫిర్యాదుకు అవకాశం ఉన్నా, దాన్ని విచారించే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. పద్నాలుగు వేల రూపాయల కాయిల్ కోసం అంత దూరం పోవడం తెలివైన పని అనిపించుకోదు. వస్తువులో లోపం ఉన్నదని, తీరప్రాంతానికి తగినదని తప్పుగా నమ్మించి అమ్మడం అనుచిత వాణిజ్య పద్ధతి అని వాదించడం రెండో దారి. ఇది నేరుగా మన జిల్లా కమిషన్‌లోనే నడుస్తుంది. వస్తువుకు చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయలు మించకపోతే జిల్లా కమిషనే విచారిస్తుంది, 5 లక్షల లోపయితే ఫీజు కూడా ఉండదు. ఇది 2019 చట్టంతో వచ్చిన సౌలభ్యం కాబట్టి చెబుతున్నాను: సంస్థ ప్రధాన కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోటనే ఫిర్యాదు వేయవచ్చు.

మా ఇంట్లో వాషింగ్ మెషిన్ విషయంలో దుకాణాన్నీ తయారీ సంస్థనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాము. ఒక్కరినే చేర్చితే వారు రెండోవారిపైకి నెట్టేస్తారు. ఇద్దరూ ఉంటే ఒకరి జవాబులో రెండోవారికి వ్యతిరేకంగా మనకు పనికొచ్చే వాక్యాలు దొరుకుతాయి. మా కేసులో జరిగిందదే. లోపం తయారీలోనిదని దుకాణం తరఫు జవాబే చెప్పేసింది.

నోటీసు అందిన ప్రతివాది 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ మరో 15 రోజులు పొడిగించవచ్చు. ప్రయోగశాల పరీక్ష అవసరం లేని కేసులను 3 నెలల్లో, అవసరమైనవాటిని 5 నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువ కాలమే పడుతుందని ముందే మనసును సిద్ధం చేసుకోండి. గడువు గురించి కంగారు వద్దు, వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు.

మద్దిలపాలెం విద్యార్థి:

లాయరు తప్పనిసరా?

ఎంవీపీ విశ్రాంతుడు:

అక్కర్లేదు. ఫిర్యాదుదారే స్వయంగా వాదించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దాఖలు చేయడానికి ఇదివరకు ఈ-దాఖిల్ ఉండేది, 2025 జనవరి 1న ప్రారంభించిన ఈ-జాగృతి ఇప్పుడు ఆ పని చేస్తున్నది. వీడియో కాన్ఫరెన్స్ ద్వారా విచారణ కోరే వీలు కూడా చట్టంలో ఉంది.

అక్కయ్యపాలెం:

కమిషన్ దాకా వెళ్లే ముందు 1915 సంగతి ఎవరూ చెప్పలేదేమిటి? అది జాతీయ వినియోగదారుల సహాయవాణి, తెలుగులోనూ మాట్లాడతారు. ఫిర్యాదు నమోదు చేసుకుని ఒక సంఖ్య ఇస్తారు, దాన్ని సంబంధిత సంస్థకు పంపుతారు. వారికి తీర్పు చెప్పే అధికారం లేదు, సంస్థ ఒప్పుకోకపోతే ఏమీ చేయలేరు. అయినా కస్టమర్ కేర్‌లో మన గోడు వినే ఉద్యోగి కంటే పై స్థాయిలో ఉన్నవారి బల్ల మీదికి ఫిర్యాదు చేరుతుంది. మా ఫ్రిజ్ విషయంలో అంతవరకూ ఉలుకూ పలుకూ లేని సంస్థ అప్పుడే ఫోన్ చేసింది.

కమిషన్‌కు వెళ్లే ముందు దుకాణానికీ సంస్థకూ మనమే నోటీసు పంపడం చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా, పంపడమే మేలు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపి, చేరినట్టు రుజువు ముద్రించి దాచుకోండి.

గాజువాక కొనుగోలుదారు:

పాడయ్యాక చేసే పోరాటం గురించి చాలా మంచి విషయాలు రాశారు. ఈ వేసవిలో కొత్తగా కొనబోయేవారి కోసం నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అమ్మకందారు నోటితో చెప్పే ప్రతి హామీనీ డబ్బు కట్టకముందే రాతలోకి తేవాలి. నేను గాజువాకలో ఏసీ కొన్నప్పుడు, దుకాణం వారి వాట్సాప్ నంబరుకు ‘మా ఇల్లు తీరానికి దగ్గరలో ఉంది, ఈ మోడల్ కాయిల్‌కు తుప్పు విషయంలో వారంటీ ఉన్నదా, ఉంటే ఎన్నేళ్లు’ అని ఒక సందేశం పంపి, జవాబు వచ్చిన తరువాతే కార్డు గీశాను. అడిగితే జవాబు ఇవ్వని దుకాణాలూ ఉన్నాయి. ఆ మౌనమే మనకు జవాబు. ‘పదేళ్ల వారంటీ’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే అది సాధారణంగా కంప్రెసర్‌కు మాత్రమే. తీరంలో ముందుగా పోయేది కాయిల్, సర్క్యూట్ బోర్డు. కంపెనీ వెబ్‌సైటులో వారంటీ షరతులు ముందే చదివి, కండెన్సర్‌కు ఎన్నేళ్లో, గ్యాస్ నింపడం అందులో ఉందో లేదో చూడండి.

దుకాణం వారు అంటగట్టే ‘అదనపు వారంటీ’ చాలాసార్లు తయారీ సంస్థది కాదు, వేరే సంస్థ ఇచ్చేది. దాని షరతులు వేరు, ఫిర్యాదు చేయాల్సిన నంబరు వేరు. ఆ పత్రం చేతికి రాకుండా డబ్బు కట్టకండి.

స్టార్ గుర్తు చూసేటప్పుడు ఎన్ని నక్షత్రాలో చూస్తే చాలదు, ఆ లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో కూడా దానిపైనే ఉంటుంది, అదీ చూడాలి. 2022 జూలైలో కొలమానం కఠినం చేసినప్పుడు అంతకుముందు 5 స్టార్లున్న ఏసీలు 4 స్టార్ల స్థాయికి దిగాయి. పాత సరుకును తగ్గింపు ధరకు ఇస్తున్నారంటే కొన్నిసార్లు కారణం అదే అయి ఉంటుంది. ఇక జీఎస్టీ ఏసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమే, బిల్లులో సరిచూసుకోండి. వడ్డీ లేని వాయిదాలంటే ఆ వడ్డీ మొత్తాన్ని ముందే తగ్గింపుగా చూపిస్తారు. క్రెడిట్ కార్డు వాయిదాలైతే బ్యాంకు తీసుకునే వడ్డీపై జీఎస్టీ, దానికి తోడు ప్రాసెసింగ్ రుసుము మన నెత్తినే పడతాయి. ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో కూడా అడిగి, రెంటినీ పోల్చండి.

డాబాగార్డెన్స్ గృహిణి:

మేము కొన్న కూలర్‌లో మోటారు మొదటి రోజే తిరగలేదు. దుకాణం వారు బిల్లుపై ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చువేసి ఉన్నదని చూపించారు. దానికి విలువ ఉంటుందా? అలాగే బంగారు గాజుల మీద హాల్‌మార్క్ సంఖ్య ఎలా సరిచూడాలో కూడా ఎవరైనా చెప్పగలరా?

నిర్వాహకులు:

బంగారం విషయానికి దయచేసి వేరే చర్చ ప్రారంభించండి. ఇక్కడ గృహోపకరణాలకే పరిమితమవుదాము.

ఎంవీపీ విశ్రాంతుడు:

గృహిణి గారూ, ఆ అచ్చు వాక్యానికి లోపమున్న సరుకు విషయంలో విలువ లేదు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ చెప్పకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడాన్ని చట్టం అనుచిత వాణిజ్య పద్ధతిగానే లెక్కిస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ కోవలోనిదే. మోటారు తిరగని వీడియో, బిల్లు జతచేసి ఈరోజే రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే ఏ తేదీన అడిగారన్నదే రేపు తగాదా అవుతుంది.

గాజువాక గారు చెప్పిన వాట్సాప్ సందేశాల విషయంలో ఒక చేర్పు. వాటిని ముద్రించి కమిషన్‌కు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేస్తే, అవతలివారు అవి కల్పితమని అభ్యంతరం చెప్పే ఆస్కారం తగ్గుతుంది. ఫోను మార్చినా అసలు సందేశాలు పోకుండా చూసుకోండి.

సాగర్‌నగర్ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. కంచరపాలెం గారు చెప్పినట్టే పరీక్ష మా ఎదుట చేయాలని పట్టుబట్టాను. మొదట కుదరదన్నారు, 1915లో నమోదైన ఫిర్యాదు సంఖ్య ఇచ్చాక వేరొక మెకానిక్‌ను పంపారు. బుడగలు వచ్చింది కాయిల్ చివరి వంపు దగ్గరి బ్రేజింగ్ అతుకులో. రెక్కలకు అక్కడక్కడా తెల్లని పొడి ఉన్నా గొట్టం మధ్యలో ఎక్కడా చిల్లు లేదు. జాబ్ షీటులో ఆ విషయం రాసి సంతకం చేశారు. నిన్న సంస్థ నుంచి ఫోను వచ్చింది. కాయిల్, గ్యాస్ ఉచితంగా ఇస్తామని, మెకానిక్ రాకపోకల ఖర్చు మాత్రం మమ్మల్ని భరించమని అన్నారు. పైగా పాత కాయిల్ తమకు ఇచ్చేయాలట. ఏప్రిల్ చివరికి వారంటీ ముగిసిపోతుంది. ఒప్పుకోవచ్చా?

పెదవాల్తేరు:

అతుకు లోపమని తేలితే నా అభిప్రాయం మార్చుకుంటాను. రాకపోకల ఖర్చు అడగడం మాత్రం అన్యాయమే.

కంచరపాలెం మెకానిక్:

ఫోనులో ఒప్పుకోకండి. మార్చిన భాగానికి చాలా సంస్థలు అసలు వారంటీలో మిగిలిన కాలానికే పూచీ ఇస్తాయి, అంటే మీ కొత్త కాయిల్‌కు నెల కూడా ఉండదు. అందుకని కొత్త కాయిల్‌కూ గ్యాస్‌కూ బిగించిన తేదీ నుంచి ఏడాది పూచీ ఇస్తున్నట్టు, వారంటీలోనే మరమ్మతు కాబట్టి రాకపోకల ఖర్చు వసూలు చేయబోమని ఈమెయిల్ పంపమని అడగండి. పాత కాయిల్ ఇవ్వడానికి అభ్యంతరం లేదు కానీ, ఆ ఈమెయిల్ వచ్చి, కొత్తది బిగించి, నైట్రోజన్ పీడనం నిలిచినట్టు జాబ్ షీటులో రాసిన తరువాతే ఇవ్వండి. కొత్త కాయిల్‌కు పూత ఉన్నదో లేదో కూడా పెట్టె విప్పినప్పుడే చూసుకోండి. పూత లేనిది తెచ్చి బిగించిపోయిన సందర్భాలు నేను చూశాను.