విండోస్ 11కి మారాలా, 10తోనే నెట్టుకురావాలా?

ఎంవీపీ కాలనీ టీచర్:
ఇంట్లో 2017లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. ఐ5, ఏడో తరం ప్రాసెసర్. నా ప్రశ్నపత్రాలు, మా అబ్బాయి చదువు, బ్యాంకు పనులు అన్నీ దాని మీదే. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. 11కి మారదామంటే ఈ కంప్యూటర్‌కు అర్హత లేదని తెర మీద చూపిస్తోంది. ద్వారకానగర్‌లో ఒక షాపతను రెండున్నర వేలు ఇస్తే ఎలాగోలా ఎక్కిస్తానంటున్నాడు. ఎక్కించుకోమంటారా?

డాబాగార్డెన్స్ డీటీపీ:
వద్దమ్మా. నడిచే బండిని ఎవరైనా విప్పదీస్తారా? 2014లో విండోస్ ఎక్స్‌పీ అయిపోయిందన్నారు, 2020లో సెవెన్ అయిపోయిందన్నారు. ఆ మర్నాడు కూడా నేను షట్టర్ ఎత్తి శుభలేఖలు కొట్టాను. రెండున్నర వేలు ఉంచుకోండి.

రుషికొండ కొండమీద:
మద్దతు ముగియడమంటే కంప్యూటర్ పనిచేయడం మానేస్తుందని కాదు సార్. కొత్తగా బయటపడే లొసుగులకు ప్యాచ్‌లు, అంటే వాటిని పూడ్చే అప్‌డేట్లు, రావు. 2017 మేలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు, వేసుకోనివాళ్ళ ఫైళ్ళకు తాళం పడింది.
టీచర్ గారూ, షాపతను చెప్పేది అడ్డదారి. ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లు, అతి కొద్ది మినహాయింపులు తప్ప, అర్హుల జాబితాలో లేవు. బలవంతంగా ఎక్కిస్తే ఎక్కుతుంది. కానీ అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. డబ్బు పోసి మళ్ళీ మొదటికే వస్తారు. విండోస్ 10లోనే ఉండి ఈఎస్‌యూలో చేరండి, అంటే భద్రతా ప్యాచ్‌లు మాత్రమే ఇచ్చే పొడిగింపు. 2026 అక్టోబరు 13 వరకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ చేస్తే ఉచితం, లేకపోతే 30 డాలర్లు.

ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి:
ఇంత చర్చ ఎందుకు? నచ్చకపోతే 10 రోజుల్లో పాతదానికి వెళ్ళిపోవచ్చు. సెట్టింగుల్లో ఉంటుంది.

రుషికొండ కొండమీద:
ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే ఉంటుందండీ. డిస్కు తుడిచి కొత్తగా ఎక్కిస్తే ఉండదు. షాపుల్లో చాలామంది చేసేది రెండోదే.

ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి:
10 రోజులు ఉంటుంది బాబూ. నేను కళ్ళారా చూశాను.

డాబాగార్డెన్స్ డీటీపీ:
అప్‌డేట్ అంటే ప్రసాదం అనుకునేవాళ్ళకు ఒక మాట. 2018 అక్టోబరులో ఇచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనే తుడిచేసింది. కంపెనీవాళ్ళే దాన్ని నిలిపేశారు. అవునా, కాదా?

రుషికొండ కొండమీద:
అవును. సరిచేసి నవంబరులో మళ్ళీ ఇచ్చారు. అందుకే ముందు బ్యాకప్ తీసుకోమంటాం.

గాజువాక:
2024 జూలైలో కంప్యూటర్లు ఆగిపోయి నీలి తెరలు పడి హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అప్‌డేట్ల మహిమ అదీ!

రుషికొండ కొండమీద:
అది విండోస్ అప్‌డేట్ కానే కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే వేరే కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఫైలు. దాన్నీ దీన్నీ కలపకండి.

గాజువాక:
తెర పడింది విండోస్ మీదే కదా.

రుషికొండ కొండమీద:
ఇలా అయితే వాదించి లాభం లేదు. డీటీపీ గారూ, కథలు వద్దు. 11కి మారితే మీకు ఆగిపోయే సాఫ్ట్‌వేర్ ఏదో ఒక్కటి చెప్పండి. లేకపోతే అది ఉత్త భయం, దాన్ని తీసుకెళ్ళి టీచర్ గారికి అంటగట్టకండి.

డాబాగార్డెన్స్ డీటీపీ:
అడిగావు కాబట్టి విను. నా తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ కొని ఇరవై ఏళ్ళు దాటింది. డాంగిల్, అంటే తాళంచెవిలాంటి చిన్న పరికరం, పెడితేనే తెరుచుకుంటుంది. అది కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకు, ఆ పాతిక పిన్నుల పోర్టుకు, తగిలించేది. హుద్‌హుద్ రోజు షాపు రేకులు లేచిపోయి కంప్యూటర్ నీళ్ళపాలైంది. డాంగిల్ నా చొక్కా జేబులో ఉంది కాబట్టి బతికాను. దాన్ని అమ్మిన ఏజెంటు ఇప్పుడు ఫోను ఎత్తడు. ఆ డాంగిల్ నడవాలనే విండోస్ 10లో కూడా 32 బిట్ వేయించుకున్నాను. అందులో ఇరవై ఏళ్ళ శుభలేఖలు, కరపత్రాలు, గుడి రశీదు పుస్తకాలు ఉన్నాయి. ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో ఒక్క అక్షరం లేదు. సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే అవన్నీ పిచ్చిగీతలే. తాత శుభలేఖ నమూనా పట్టుకొచ్చి మనవడికి అలాగే కొట్టమనేవాళ్ళు ఉన్నారు నాకు. ఉత్త భయమట!

రుషికొండ కొండమీద:
ఇన్ని పోస్టుల తర్వాతా 32 బిట్ సంగతి చెప్పడం? విండోస్ 11లో 32 బిట్ లేనే లేదు. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, ఎక్కదు. మీ డాంగిల్‌కు 64 బిట్ డ్రైవర్ దొరికితే తప్ప ఆ కంప్యూటర్‌ను కదిలించకూడదు, ఆ మాట నేనే అంటాను. కానీ టీచర్ గారికి డాంగిలూ లేదు, 32 బిట్ అవసరమూ లేదు. మీ ఇబ్బందిని ఊరందరికీ సలహాగా ఇస్తే ఎలా?
ఇంకొకటి. ఆ కంప్యూటర్‌కు నెట్ ఎందుకు?

డాబాగార్డెన్స్ డీటీపీ:
ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తాయి. ప్రూఫులు వాట్సాప్‌లో పంపాలి. దరఖాస్తులు నింపాలి. జిరాక్స్‌కు వచ్చేవాళ్ళు పెన్‌డ్రైవ్ తెస్తారు. నెట్ లేకుండా షాపు నడుపుతావా నువ్వు?

ఎంవీపీ కాలనీ టీచర్:
మధ్యలో ఒక మాట. పోయిన ఏడాది మా అబ్బాయి ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా ఇలాంటి ఒక షాపులోనే స్కాన్ చేయించాను. నెలల తర్వాత వేరే పని మీద వెళ్తే అవి అదే కంప్యూటర్ తెర మీద 'న్యూ ఫోల్డర్ 4'లో కనిపించాయి. పక్కనే ఎవరిదో పాన్ కార్డు. తీసేయమంటే ఆయన నవ్వి, ఉంటే మీకే మంచిది, మళ్ళీ తేనక్కర్లేదు అన్నారు.

రుషికొండ కొండమీద:
నేను మొదటి నుంచి చెప్పలేక సతమతమవుతున్నది ఇదే. శుభలేఖలు మీవి, డాంగిల్ మీది, మీ ఇష్టం. కానీ ప్యాచ్‌లు ఆగిన కంప్యూటర్‌లో ఊళ్ళోవాళ్ళ ఆధార్‌లు పెట్టుకుని నెట్‌కు తగిలించడం మీ ఒక్కరి ఇష్టం కాదు. రేపు ఏదైనా జరిగితే నష్టపోయేది మీరు కాదు.

డాబాగార్డెన్స్ డీటీపీ:
చెప్పడం తేలిక తమ్ముడూ. మీకు కంపెనీ లాప్‌టాప్ ఇస్తుంది, మూడేళ్ళకు మారుస్తుంది, పాడైతే ఫోను చేస్తారు. నా కంప్యూటర్ పాడైతే నేను, స్క్రూడ్రైవరు. జిరాక్స్‌కు రెండు రూపాయలు తీసుకునేవాడు కొత్త కంప్యూటర్‌కు నలభై వేలు ఎక్కడి నుంచి తేవాలి? అడిగేవాళ్ళందరూ భద్రత అడుగుతారు, రెండు రూపాయలను మూడు చేస్తే మాత్రం పక్క షాపుకు పోతారు.

గాజువాక:
ఈ మాట నిజం.

సీతమ్మధార అకౌంట్స్:
కొత్తది ఎందుకండీ? ఎనిమిదో తరం పాత లాప్‌టాప్ ఒకటి తీసుకోండి. కొత్తదానిలో సగం కూడా కాదు. వాట్సాప్, ఆధార్, బ్యాంకు దాని మీద. డాంగిల్ ఉన్నదాని నెట్ వైరు పీకేయండి. మా ఆఫీసులో పాత అకౌంట్ల ప్యాకేజీని ఇలాగే నడుపుతున్నాం.

డాబాగార్డెన్స్ డీటీపీ:
రెండింటి మధ్య ఫైళ్ళు ఎలా? పెన్‌డ్రైవేనా? వైరస్ దానిలోంచి రాదా?

రుషికొండ కొండమీద:
వస్తుంది. అందుకే కస్టమర్ల పెన్‌డ్రైవులు లాప్‌టాప్‌కే పెట్టండి. డాంగిల్ కంప్యూటర్‌కు మీ సొంత పెన్‌డ్రైవ్ ఒకటే, అది కూడా లాప్‌టాప్‌లో స్కాన్ అయ్యాక. ప్రూఫును పీడీఎఫ్‌గా తీసి ఇటు తెచ్చుకోవచ్చు. పని అయిన ఆధార్‌లు ఏ రోజువి ఆ రోజే తీసేయండి, దానికి పైసా ఖర్చు లేదు.

డాబాగార్డెన్స్ డీటీపీ:
ఎనిమిదో తరమని చెప్పి ఆరోది అంటగట్టరని ఏమిటి హామీ?

సీతమ్మధార అకౌంట్స్:
స్టిక్కర్ నమ్మకండి. ఆన్ చేయించి సెట్టింగుల్లో 'ఎబౌట్' తెరిచి చూడండి. ఐ5 తర్వాత గీత, దాని తర్వాత నాలుగంకెల సంఖ్య. అది 8తో మొదలవ్వాలి.

డాబాగార్డెన్స్ డీటీపీ:
ఆధార్‌లు ఇవాళే తీసేస్తాను, అది వేరే సంగతి. లాప్‌టాప్ మాత్రం ముహూర్తాలు అయ్యాకే. చేతిలో కార్డుల ఆర్డర్లు ఉన్నాయి. అప్పటిదాకా వైరు పీకను.