నల్లరేగడిలో బత్తాయి పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా. నాన్న తర్వాత నాలుగెకరాలు నా చేతికొచ్చాయి. పైన రెండెకరాలు ఎర్ర చల్క (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేల), అందులో వేరుశనగ, కంది వేస్తాం. దానితో పేచీ లేదు. కాకపోతే పది రోజులు వాన మొహం చాటేస్తే పైరు వాడిపోతుంది.

అసలు టెన్షన్ కింది రెండెకరాల నల్లరేగడితోనే. ఇన్నాళ్లూ పత్తే వేశాం. ఎండాకాలం నెర్రెల్లో మోచేతి దాకా చెయ్యి దూరుతుంది, వానాకాలం చెప్పులు బురదలోనే ఉండిపోతాయి. ఇప్పుడు బత్తాయి పెడదామని గుంత తీయిస్తే రెండున్నర అడుగుల కింద తెల్లటి సున్నపు గడ్డలు తగిలాయి. నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగింది. భూసార పరీక్షలో పీహెచ్ 8.4 (అంటే క్షార గుణం ఎక్కువ), జింకు తక్కువ అని వచ్చింది.

ఇలాంటి నేలలో బత్తాయి పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిన మొక్కలు సున్నాన్ని కాస్త తట్టుకుంటాయంటున్నారు, మీ అనుభవంలో నిజమేనా? వేరుకుళ్లు రాకుండా ఎత్తు కట్టలు పోసి నాటితే సరిపోతుందా, మురుగు కాలువలు కూడా తీయాలా? మొక్కలమ్మే ఆయన “ఏ నేలైనా పర్లేదు” అంటున్నాడు. ఆయనకేం, అమ్ముకుంటాడు. లేదంటే బత్తాయి చల్కలోనే పెట్టి, రేగడిని పత్తికే వదిలేయమంటారా? బోరు మాత్రం ఒక్కటే, నీళ్లు అంతంతమాత్రం.