డాక్టరు దగ్గర అసలు భయం బయటపడకుండానే చీటీ చేతికొస్తే లోపం ఎక్కడ?

ప్రశ్న:
తలనొప్పని చూపించుకోవడానికి వచ్చిన మనిషి మనసులో చాలాసార్లు ఉండేది "మెదడులో గడ్డేమో" అన్న దిగులు. డాక్టరు మాత్ర రాసి పంపిస్తారు. నొప్పి తగ్గుతుంది, దిగులు తగ్గదు. రోగి ఏం ఆశించి వచ్చాడో డాక్టర్లకు ఎందుకు అందడం లేదు? ఇద్దరూ ఏం చేస్తే అందుతుంది?

జవాబు 1:
రోగిని ముందు మాట్లాడనివ్వాలి. 1984లో అమెరికాలో సంభాషణలు రికార్డు చేసి చూస్తే, రోగి మొదలుపెట్టిన 18 సెకన్లకే సగటున డాక్టరు అడ్డు తగులుతున్నారని తేలింది. 1999లో ఇంకోసారి చూస్తే 23 సెకన్లు. వదిలేస్తే ఆపరేమోనన్న భయం అక్కర్లేదు. 2002లో స్విట్జర్లాండ్‌లో అడ్డుపడకుండా విని లెక్కగడితే సగటు 92 సెకన్లే, నూటికి 78 మంది రెండు నిమిషాల్లో ముగించేశారు. అసలు విషయం మొదటి వాక్యంలోనే రాదు కదా.

జవాబు 2:
లోపం అడిగే మాటలోనూ ఉంది. "ఇంకేం లేవుగా?" అంటే "లేవండి" అనే వస్తుంది. "ఇంకా ఏదో చెప్పాలనుకున్నారు, చెప్పండి" అంటే నోరు పెగులుతుంది. అదీ మొదట్లోనే అడగాలి. చీటీ రాస్తూ అడిగితే ఇక లేచి వెళ్ళమన్నట్టే ఉంటుంది.

రోగులు కూడా కూర్చోగానే "రెండు విషయాలండీ, రెండోదే నాకు కంగారు" అనేస్తే మంచిది. లేదంటే ఆ రెండోది తలుపు దగ్గర గుర్తొస్తుంది.

జవాబు 3:
ఊహించుకోవడం మరీ ప్రమాదం. దగ్గుతో వచ్చినవాళ్ళకు యాంటీబయాటిక్ కావాలేమోనని డాక్టరు తనంతట తనే అనుకుని రాసేయడం ఎక్కువ. చాలామందికి కావలసింది "ఇది న్యుమోనియా కాదు" అన్న మాట. దగ్గు వారంలో పోతుందని జనం అనుకుంటారు, మామూలు జలుబు దగ్గయినా రెండున్నర వారాలు ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పి, ఆయాసం వచ్చినా, రక్తం పడినా వెంటనే రమ్మనాలి. అది చెప్పకపోతే ఎనిమిదో రోజున "మందు పనిచేయలేదు" అని ఇంకో డాక్టరు దగ్గరికి వెళతారు.

ప్రశ్న అడిగినవారు:
రోగి స్కానింగే కావాలంటే? అవసరం లేనప్పుడు?

జవాబు 3:
"అక్కర్లేదు" అని ఊరుకోకూడదు. "దేనికి భయపడుతున్నారు?" అని అడగాలి. గడ్డ అని చెబితే, పరీక్ష చేస్తూనే పైకి చెప్పాలి: "కంటి వెనక నరం చూశాను, వాపు లేదు. రెండు చేతుల్లో బలం సమానంగా ఉంది. నడక బాగుంది." ఏం వెతికారో, ఏం కనబడలేదో చెవిన పడితే, స్కానింగ్ ఎందుకు వద్దంటున్నారో రోగికి అర్థమవుతుంది.